మా అపార్ట్‌మెంట్ ఓటింగ్ యాప్: మూడు స్టార్లే

పటమటలో మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. గోడల రంగు తేల్చడానికి ఈ యాప్ వాడాం. వాడటం తేలికే, మూడో అంతస్తు మామ్మగారు కూడా ఎవర్నీ అడక్కుండా రంగులకు నచ్చిన వరుసలో 1, 2, 3 నొక్కేశారు. చిక్కంతా లెక్కింపులో ఉంది. ర్యాంకుకు ఇన్ని మార్కులని కలిపేస్తుంది. దాంతో గోధుమరంగు వాళ్లు లేతనీలాన్ని, నీలం వాళ్లు గోధుమరంగుని కావాలనే చివరికి తోశారు. ఎవరికీ పట్టని బూడిదరంగు గెలిచి కూర్చుంది!

సెట్టింగ్ మార్చి, మన కృష్ణా-గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లాగా అట్టడుగున ఉన్నదాన్ని తీసేసి ఓట్లు బదిలీ చేసే పద్ధతి పెట్టాం. అందులో మన మొదటి ఎంపిక పోటీలో ఉన్నంతసేపు రెండో అంకె లెక్కకే రాదు, తోసినా లాభం లేదు. నీలం 27తో గెలిచింది. కానీ మా నిబంధన ప్రకారం మూడింట రెండొంతులు, అంటే 32 కావాలి. అది పెట్టుకునే చోటే యాప్‌లో లేదు. గోడలకింకా పాత రంగే.