వాగబాండ్ చేతిలో డాలు: ఎల్డెన్ రింగ్‌లో గార్డ్ కౌంటర్‌తో నా అనుభవం

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ కొత్తగా మొదలుపెట్టేవారు ఏ క్లాస్ (ఆరంభ పాత్ర రకం) తీసుకోవాలని అడిగితే చాలామంది సమురాయ్ పేరో, ఆస్ట్రాలజర్ పేరో చెబుతారు. ఆ సలహాలో తప్పు లేదు. సమురాయ్‌కి మొదటి నిమిషం నుంచే రక్తస్రావం కలిగించే కత్తి, దూరం నుంచి కొట్టడానికి విల్లు ఉంటాయి. ఆస్ట్రాలజర్ అయితే శత్రువు దగ్గరికి చేరకముందే పని ముగించగలడు. అయినా 2022లో ఆట విడుదలైనప్పటి నుంచి నేను కత్తి, డాలుతో మొదలయ్యే వాగబాండ్ క్లాస్‌నే నమ్ముకుని ఆడుతున్నాను. అందుకు కారణం ఒక్కటే: దెబ్బను డాలు మీద కాచుకున్న మరుక్షణమే బలంగా తిరిగి కొట్టే గార్డ్ కౌంటర్. ఆట ఎంత పెద్దదో, ఎంత అందమైనదో ఇప్పటికే ఎందరో రాశారు కనుక నేను ఈ ఒక్క విషయం గురించే రాస్తున్నాను.

డాలు ఎత్తి ఉండగా దెబ్బ తగిలిన వెంటనే కంట్రోలర్ మీది ఆర్2 బటన్ నొక్కితే మన పాత్ర ఎదురుదెబ్బ కొడుతుంది. ఆ దెబ్బ శత్రువు ప్రాణంకన్నా అతని నిలకడనే ఎక్కువగా దెబ్బతీస్తుంది. అలాంటివి కొన్ని వరుసగా తగిలితే ఎంతటి బాస్ (పెద్ద శత్రువు) అయినా మోకాలి మీద కూలబడతాడు, అప్పుడు ఎదురుగా వెళ్లి పెద్ద పోటు పొడవవచ్చు. పారీకి, అంటే దెబ్బ పడే క్షణానికే డాలుతో దాన్ని పక్కకు నెట్టేయడానికి, కావలసినంత కచ్చితమైన సమయం దీనికి అక్కర్లేదు. మా గుంటూరు వైపు కర్రసాము నేర్చినవారు ఎదుటివాడి కర్రను తమ కర్రతో ఆపి, అది వెనక్కి తగ్గేలోపే కొడతారు, ఇదీ సరిగ్గా అలాంటిదే. వాగబాండ్‌కు ఆరంభంలోనే దొరికే హీటర్ షీల్డ్ మామూలు కత్తిదెబ్బలను నూటికి నూరు పాళ్లు ఆపుతుంది కాబట్టి ఈ పద్ధతిని నేర్చుకోవడానికి ఎక్కడా ఎదురుచూడనక్కర్లేదు.

నాకు ఇది ఇంతగా నచ్చడానికి నా రోజువారీ జీవితం కూడా కారణమే. బ్రాడీపేటలో మందుల షాపు కట్టేసి ఇంటికొచ్చి భోజనం చేసేసరికి రాత్రి పది దాటుతుంది. పిల్లలు అదే గదిలో నిద్రపోతుంటారు కనుక టీవీ శబ్దం పూర్తిగా తగ్గించి ఓ అరగంట ఆడతాను. దొర్లి తప్పించుకునే పద్ధతిలో ఆడేవారికి చెవి చేసే సాయం చిన్నది కాదు. బాస్ అరుపు, అడుగుల చప్పుడు, కత్తి గాలిని కోసే శబ్దం వింటూ వాళ్లు సమయం చూసుకుంటారు. అవేవీ వినపడని నాకు డాలు మీద పడే దెబ్బ కంట్రోలర్ కంపనంగా చేతికే తెలుస్తుంది, ఆ కంపనం తెలిసిన క్షణమే ఆర్2 నొక్కవలసిన క్షణం.

ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో నాకు స్టార్మ్‌హిల్ ఎవర్‌గోల్ అనే చెరలోని క్రూసిబుల్ నైట్ (కవచం తొడిగిన యోధుడు) దగ్గర తెలిసింది. మా బావమరిది విజయవాడ పటమటలో ఉంటాడు, సమురాయ్ ఆడతాడు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు నా ఆట చూసి, “బావా, డాలు వెనక దాక్కుని ఆడితే మజా ఏముంటుంది? దొర్లడం అలవాటు చేసుకోండి, ఈ నైట్ దగ్గర డాలు పనిచెయ్యదు” అన్నాడు. అతని మాటకూ ఆధారం ఉంది. ఆ నైట్ కత్తి ఎత్తి, మనం ఊహించిన క్షణానికి దించకుండా కాసేపు అలాగే పట్టి ఉంచుతాడు. కంగారుపడి ముందే దొర్లినవాడు లేచే సమయానికి ఆ కత్తి సరిగ్గా నెత్తిన పడుతుంది. డాలు పట్టినవాడికి ఆ బెడద లేదు. నైట్ కత్తిని ఎంతసేపు ఆపినా డాలు ఎత్తే ఉంటుంది.

అసలు చిక్కు స్టామినాతోనే, అంటే పాత్ర ఓపికతోనే, వచ్చింది. డాలు ఎత్తి ఉంచినంతసేపూ దాన్ని చూపే ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండుతుంది, దెబ్బ పడ్డప్పుడల్లా సగానికి సగం తరుగుతుంది, అది పూర్తిగా అయిపోతే డాలు పక్కకు తొలగి గుండె ఎదురుగా తెరుచుకుంటుంది. మొదట్లో భయంతో డాలు దించకుండా ఆడినంతకాలం ప్రతిసారీ అక్కడే పడిపోయాను. ఆ రాత్రి మాత్రం ఒక దెబ్బ కాచి, ఎదురు కొట్టి, వెంటనే డాలు దించి రెండడుగులు వెనక్కి వేసి, గీత నిండాక మళ్లీ ఎత్తడం మొదలుపెట్టాను. అలా నాలుగైదు ఎదురుదెబ్బలు తగిలేసరికి అంత పెద్ద నైట్ ఒక్కసారిగా మోకాలి మీదికి వచ్చాడు. బావమరిది మంచం మీద నుంచి లేచి టీవీ దగ్గరికి వచ్చి, “ఆగండి ఆగండి, అది మళ్లీ చెయ్యండి బావా” అన్నాడు. ప్రాణం సగానికి తగ్గాక ఆ నైట్‌కు తోక, రెక్కలు మొలుస్తాయి. ఆ రెక్కలతో ఎగిరి వచ్చే దాడిని కాచుకోలేక నేనూ పక్కకు దొర్లవలసే వచ్చింది, ప్రాణం నింపే ఫ్లాస్క్‌లు కూడా ఖాళీ అయ్యాయి. చివరికి గెలిచాను. మరునాడు బావమరిది తన సమురాయ్ ఎడమ చేతికి ఒక డాలు తగిలించాడు. దాన్ని వాడింది కొద్ది రోజులే, అయినా ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆనందమే.

నూటికి నూరు పాళ్లు ఆపుతుందని పైన రాశాను గానీ, అది మామూలు ఆయుధాల దెబ్బకు మాత్రమే వర్తించే లెక్క. మంత్రం, నిప్పు, పిడుగు డాలును దాటుకుని కొంత లోపలికి వస్తాయి. చేతులతో పట్టుకుని ఎత్తిపడేసే దాడులను ఏ డాలూ ఆపదు. ఆట మొదట్లో వచ్చే లిమ్‌గ్రేవ్ ప్రాంతపు సైనికుల దగ్గర దొరికే బ్రాస్ షీల్డ్ చాలా మంచిదే గానీ దానికి స్ట్రెంత్ (బలం) 16 కావాలి. వాగబాండ్ 14తో మొదలవుతాడు కనుక అది దగ్గరి దూరమే. బరువు సంగతి అలా కాదు. మోయగలిగిన దానిలో 70 శాతం దాటితే దొర్లడం పొర్లడంగా మారుతుంది కాబట్టి ప్రాణం పెంచే విగర్‌కు వేయాలనుకున్న లెవెళ్లను, మోసే బరువును పెంచే ఎండ్యూరెన్స్‌కు పంచక తప్పదు.

అన్నిటికన్నా నన్ను కష్టపెట్టింది మలీనియా అనే బాస్. ఆమె కత్తి మనకు తగిలిన ప్రతిసారీ ఆమె ప్రాణం కొంత తిరిగి నిండుతుంది, ఆ దెబ్బను డాలుతో కాచినా సరే నిండుతుంది. అంటే నా పద్ధతిలో ఏది నాకు బలమో అదే అక్కడ ఆమెకు మందుగా పనిచేస్తుంది. ఆట మొత్తంలో డాలు పట్టినవారికి ఇంత అన్యాయం మరెక్కడా జరగదని నా అభిప్రాయం, ఈ మాట మీద నేను ఇప్పటికీ గట్టిగానే నిలబడతాను. డాలును వీపున వేసుకుని కత్తిని రెండు చేతులతో పట్టుకుంటే స్ట్రెంత్ ఒకటిన్నర రెట్లుగా లెక్కలోకి వస్తుంది. ఆ ఒక్క పోరాటాన్ని అలాగే ముగించాను. గెలుపు దక్కింది గానీ క్రూసిబుల్ నైట్ నాటి తృప్తి దక్కలేదు.

2024 జూన్ 21న వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగంలో శత్రువులు తెరపి ఇవ్వకుండా పొడవైన వరుసల్లో కొడతారు. ఎదురుదెబ్బకు సందు దొరికేలోపే స్టామినా అడుగంటుతుంది. అందుకు విరుగుడుగా డిఫ్లెక్టింగ్ హార్డ్‌టియర్ అనే వస్తువు ఇచ్చారు. దాన్ని కలిపిన ఫ్లాస్క్ తాగితే, దెబ్బ తగిలే క్షణానికి సరిగ్గా కాచుకున్నవారికి గార్డ్ కౌంటర్ మరింత బలంగా పడుతుంది. బావమరిదికి అది ఎంతో నచ్చింది. నాకు మాత్రం పారీ బాధ మరో దారిలో తిరిగొచ్చినట్టుంది. రోజంతా షాపు కౌంటర్‌లో నిలబడి వచ్చాక అంత కచ్చితత్వం నా వేళ్లకు రోజూ సాధ్యం కాదు.

క్లాస్ ఎంచుకునేవారు ఒక సంగతి గమనించాలి. రాయా లుకారియాలో రెన్నాలా అనే బాస్‌ను ఓడించాక ఆమెకు లార్వల్ టియర్ అనే వస్తువు ఇచ్చి లెవెళ్లను తిరిగి పంచుకోవచ్చు గానీ, క్లాస్ మొదటి అంకెల కిందికి ఏదీ దిగదు. వాగబాండ్‌కు మంత్రాలకు కావలసిన ఇంటెలిజెన్స్ 9, ఆస్ట్రాలజర్‌కు 16. రేపు మంత్రాల వైపు వెళ్లాలన్న కోరిక ఉంటే వాగబాండ్‌గా మొదలుపెట్టమని నేను చెప్పలేను, ఎందుకంటే వాడుకోని స్ట్రెంత్ చివరిదాకా వెంట వస్తుంది. తీరికగా గంటల తరబడి, శబ్దం పెట్టుకుని ఆడగలిగినవారికి సమురాయే ఎక్కువ ఆనందం ఇవ్వవచ్చు. నాలాగా నిద్రకు ముందు అరగంట మాత్రమే దొరికేవారు, మలీనియా దగ్గర పద్ధతి మార్చుకోవడానికి సిద్ధపడితే, వాగబాండ్‌ను తీసుకుని ఆరంభంలోనే ఎండ్యూరెన్స్‌కు కొన్ని లెవెళ్లు వేసి చూడండి. ఆ షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీని మాత్రం నేను ఇంకా పూర్తిచేయలేదు కనుక దాని చివరి బాస్ గురించి నా దగ్గర సలహా లేదు.