ఇరవై రెండేళ్లుగా నా దగ్గరున్న ‘బారిస్టర్ పార్వతీశం’: మొదటి భాగం దాటాక

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి నవల మూడు భాగాలూ కలిపి వేసిన లావుపాటి ప్రతి ఇది. విజయవాడ పుస్తకాల పండగలో కొన్నాను. ఇప్పుడు బల్లమీద పెట్టి పక్కనుంచి చూస్తే, ముందున్న పేజీల అంచులు వేళ్లు తగిలీ తగిలీ మట్టిరంగుకి తిరిగాయి. వెనకవి ఇంకా తెల్లగానే ఉన్నాయి. మొదటి భాగం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. మిగతా రెండూ పూర్తిగా చదివింది మూడుసార్లే, మూడోసారి పట్టుబట్టి చదివాను.

మొదటి భాగం 1924 నాటిది. మొగల్తూరు కుర్రాడు పార్వతీశం బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరతాడు. కథ మొత్తం అతనే ‘నేను’ అని చెబుతాడు. దాని బలమంతా అక్కడే ఉంది. మద్రాసులో టోపీ కొంటాడు. అది ఆడవాళ్లు పెట్టుకునేదని కొనేటప్పుడు అతనికి తెలియదు. రైలైనా, ఓడైనా, బల్లమీద భోజనమైనా అతనికి అన్నీ కొత్తే. తెలియనితనాన్ని దాచుకోడు, గంభీరంగా చెప్పుకుపోతాడు. నవ్వుతూనే అతని పక్షాన నిలబడతాం. నేను పదిహేడేళ్లకి మొదటిసారి ఒంటరిగా హైదరాబాదు వెళ్లినప్పుడు ఎవరినీ ఏమీ అడగలేక స్టేషన్లో గంటసేపు నిలబడిపోయాను. ఆ గంట ఈ పుస్తకంలో ఉంది.

మిగతా భాగాలు మొక్కపాటి నరసింహశాస్త్రిగారు చాలా ఏళ్లు గడిచాక రాశారు. రెండో దాంట్లో చదువు, స్నేహాలు. మూడో దాంట్లో తిరిగి రావడం, సంసారం, స్వాతంత్ర్యోద్యమం. అవి మొదటి దానంత పట్టుకోకపోవడం సరుకు లేక కాదు. ఆయన స్వయంగా ఎడింబరోలో చదువుకున్నవారే. లోటు పార్వతీశంలో వచ్చింది. ఇప్పుడతనికి అన్నీ తెలుసు. అన్నీ తెలిసినవాడు ‘నేను’ అంటూ కథ చెబితే అది నివేదికలా తయారవుతుంది. సంభాషణలు ఉపన్యాసాలవుతాయి, ఒకరు ప్రశ్న వేస్తే రెండోవారు పేజీ పొడుగునా జవాబు చెబుతారు. మొదటి భాగంలో ఒక్క టోపీతో అయిన పని, ఇక్కడ పది పేజీల చర్చతో కాలేదు. నాకు కోపం రాలేదు. బాగా దగ్గరివాడు పలకరించకుండా వెళ్లిపోయినట్టనిపించింది.

కొనసాగింపులన్నీ ఇంతేనని మాత్రం నేననను. ఇంగ్లీషు రచయిత కానన్ డాయల్ 1893లో తన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథ ముగించేసి, 1903లో మళ్లీ తీసుకొచ్చాడు. అయినా చదవగలుగుతున్నామంటే, కథ చెప్పే హోమ్స్ స్నేహితుడు వాట్సన్ మారలేదు కాబట్టే. హోమ్స్‌కి తెలిసింది అతనికి ఇప్పటికీ తెలియదు, మనకీ తెలియదు. పార్వతీశానికి వయసొచ్చాక కూడా అర్థంకానిది ఏదో ఒకటి ఉండాల్సింది. పెళ్లి ఉంది, కోర్టు ఉంది, ఉద్యమం ఉంది. ఆ మూడింటిలో దేన్నైనా అతను మొదటి రైలుని చూసినట్టు చూసి ఉంటే!

ఈమధ్య ఫోన్లో చదివే సీరియల్ నవలల్లోనూ ఇదే జబ్బు చూస్తున్నాను. ఒకటి నలభై భాగాల్లో చక్కగా ముగిసింది. పాఠకులు అడిగారని రెండో సీజన్ మొదలెట్టారు. చనిపోయిన మనిషిని లేపారు, తగువు తీరినవాళ్ల మధ్య మళ్లీ తగువు పెట్టారు. అరవయ్యో భాగం దగ్గర ఆపేశాను.

పార్వతీశాన్ని కొత్తగా చదవబోయేవాళ్లు మొదటి భాగం విడిగా దొరికితే అదే కొనుక్కోండి. దొరక్కపోతే లావు ప్రతే కొని, అతను ఇంగ్లండు చేరగానే కొన్నాళ్లు పక్కన పెట్టండి. పోయిన వేసవిలో మా మేనకోడలికి నా ప్రతి ఇచ్చాను. తిరిగొచ్చేసరికి ఆమె పెట్టిన బస్సు టికెట్టు రెండో భాగం పన్నెండో పేజీలో ఉంది. ఇంకా తియ్యలేదు.