లాటిన్ సెట్ టెక్స్ట్: అనువాదం బట్టీనా, అన్వయమా?

మా అమ్మాయి ఇంగ్లండ్‌లో జీసీఎస్ఈ (అక్కడ పదహారేళ్ల వయసులో రాసే పరీక్ష) లాటిన్ చదువుతోంది. ఓసీఆర్ అనే బోర్డు పెట్టే తన పరీక్షలో సగం మార్కులు భాషకి, 25 శాతం గద్యానికి, 25 శాతం పద్యానికి. సాహిత్యంలో ఏ పాఠాలు వస్తాయో ముందే చెప్పేస్తారు. వాటినే సెట్ టెక్స్ట్‌లంటారు. పరీక్షలో ఆ లాటిన్ భాగాన్ని అచ్చేసి ఇస్తారు, డిక్షనరీ మాత్రం ఉండదు.

వచ్చేది తెలిసిన పాఠమే కాబట్టి ఇంగ్లిష్ అనువాదం బట్టీ కొట్టేస్తే పోలా అని పిల్లలకి అనిపించడం సహజం. మా అమ్మాయీ అదే చేసింది. మాక్ పరీక్షలో మూడు పాదాలు అనువదించమంటే, తనకి గుర్తున్న చోట మొదలుపెట్టి ఐదు పాదాలు రాసి వచ్చింది. ఎక్కడ ఆపాలో తెలియలేదట! తాత్పర్యం వచ్చు గానీ ఏ మాట ఏ మాటకి అర్థమో రాదు. మన తెలుగు పరీక్షలో ప్రతిపదార్థం అడిగితే తాత్పర్యం రాసి వచ్చినట్టే.

ఏ ఏడాది ఏ భాగం పెట్టినా, అందరికీ తెలిసిన పాదం ఒకటి చూద్దాం. రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియిడ్ కావ్యం రెండో పుస్తకంలో, గ్రీకులు వదిలివెళ్లిన చెక్క గుర్రాన్ని ఊళ్లోకి తేవద్దని ట్రాయ్ పూజారి అంటాడు: ‘తిమెయో దనావోస్ ఎత్ దోనా ఫెరెంతేస్’. తిమెయో, భయపడుతున్నాను. దనావోస్, గ్రీకులను. చివరి ‘ఓస్’ ఇక్కడ మన ‘లను’ చేసే పనే చేస్తుంది. దోనా, కానుకలను. ఫెరెంతేస్, తెస్తున్న. ఎవరు తెస్తున్నారు? విభక్తి చూస్తే దనావోస్‌తో కలుస్తుంది, అంటే గ్రీకులే. అనువాదం మాత్రమే వచ్చిన పిల్ల ఈ ప్రశ్న దగ్గర నీళ్లు నములుతుంది.

అలాగని మాటకి మాట పెట్టుకుంటూ పోయినా గట్టెక్కలేం. ‘ఎత్’ అంటే ‘మరియు’ అని మొదటి నెలలోనే నేర్పుతారు. అలా పెడితే ‘గ్రీకులకీ, కానుకలు తెచ్చేవాళ్లకీ భయపడుతున్నాను’ అని వస్తుంది. ఇక్కడ ‘ఎత్’ అంటే ‘కూడా’: కానుకలు తెస్తున్నా సరే, గ్రీకులంటే భయమే. మంచి అనువాదం పక్కన లేకపోతే ఆ వెటకారం అందదు.

అందుకే నా ఓటు అన్వయానికే, అంటే ఏ మాట దేనితో కలుస్తుందో చూసుకుంటూ చదవడానికే, కానీ బడి ఏడాది మొదలయ్యే సెప్టెంబరులోనే మొదలుపెడితేనే. పరీక్ష ఆరు వారాల్లో ఉంటే మాత్రం పంతానికి పోకుండా బట్టీ కొట్టడమే నయం, అదీ పాదం పాదంగా విడగొట్టి. రంగుల పెన్నులు, ఫ్లాష్‌కార్డు యాప్‌లు ఎలా చదివినా పనికొస్తాయి.

గద్యంలో మనవాళ్లకి ఇంకో సౌలభ్యం ఉంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పటి సంగతి రోమన్ రచయిత ప్లినీ ఉత్తరాల్లో చదువుతుంటే, క్రియ తరచుగా వాక్యం చివరే ఉంటుంది. ఇంగ్లిష్ అలవాటున్న పిల్లలు ముందు క్రియని వెతుక్కుంటారు. ‘అమ్మా, ఇది తెలుగులోకి అయితే వరసగా వచ్చేస్తోంది’ అంది మా అమ్మాయి. ఇప్పుడు నోట్‌బుక్కులో లాటిన్ పాదం కింద పెన్సిల్‌తో ‘ను, కు, తో, యొక్క’ అని రాసుకుని, ఇంగ్లిష్ అనువాదం ఆ తర్వాతే చూస్తోంది.