'టర్న్ ఆఫ్', 'లుక్ ఎట్': 'ఇట్' ఎక్కడ పెట్టాలి?

పైకి రెండూ ఒకటే: క్రియ, పక్కన ఓ చిన్న మాట. సర్వనామం వస్తే తేడా బయటపడుతుంది. 'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్', 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్' రెండూ సరైనవే. ఫ్యాన్ బదులు 'ఇట్' పెడితే మాత్రం 'టర్న్ ఇట్ ఆఫ్' ఒక్కటే నిలుస్తుంది. 'టర్న్ ఆఫ్ ఇట్' తప్పు; మనవాళ్లు తడబడేదీ ఇక్కడే. ఈ 'ఆఫ్' క్రియకు చెందింది, కర్మతో దానికి ముడి లేదు.

'లుక్ ఎట్'లో 'ఎట్' ప్రిపోజిషన్, అంటే నామానికి ముందు వచ్చి దాన్ని అంటిపెట్టుకునే మాట. తన నామాన్ని ముందుకు పోనివ్వదు: 'లుక్ ఎట్ ఇట్', అంతే. పలికి చూస్తే చెవికీ తెలుస్తుంది: 'టర్న్ ఇట్ ఆఫ్'లో ఒత్తు 'ఆఫ్' మీద పడుతుంది, 'లుక్ ఎట్ ఇట్'లో 'లుక్' మీద.

'పుట్ అప్ విత్' (భరించడం)లో రెండు రకాలూ ఉన్నాయి: 'అప్' క్రియకు చెందింది, 'విత్' ప్రిపోజిషన్. చివర ప్రిపోజిషన్ కాబట్టి 'పుట్ అప్ విత్ ఇట్'. ఇక కర్మ మరీ పొడుగైతే 'ఆఫ్'ను వాక్యం చివరిదాకా మోయకండి, క్రియ పక్కనే ఉంచండి.