స్పోకు చక్రానికి ఏ క్యాలిపర్ మేలు: ఫ్లోటింగా, రేడియలా?

"అన్నా, మన బుల్లెట్‌కి డ్యూక్ క్యాలిపర్ పడ్తాదా?" కడపలోనే కాదు, ప్రొద్దుటూరు, రాయచోటి, అనంతపురం వాళ్ళు కూడా అడిగేది ఇదే. ఒకరిది పాత ఎలక్ట్రా, ఒకరిది థండర్‌బర్డ్, ఇంకొకరిది వెనక మడ్‌గార్డు కోసి బాబర్ చేసుకున్న క్లాసిక్. బండి మారుతుంది గానీ ప్రశ్న మారదు. క్యాలిపర్ అంటే, లోపలి పిస్టన్లు తోస్తే ప్యాడ్లతో (బ్రేకు బిళ్ళలతో) డిస్కును రెండు వైపులా పట్టి చక్రాన్ని ఆపే ముక్క. పడుతుందా అంటే పడుతుంది. లేత్ దగ్గర ప్లేటు కోయిస్తే పడని క్యాలిపర్ అంటూ ఉండదు. బిగించాక చక్రం తిరుగుతుందా అన్నదే అసలు తగువు.

ముందే ఒక మాట. మీ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే ఇక్కడితో ఆపేయండి. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అందులో బ్రేకు ఒత్తిడిని అదుపు చేసే మాడ్యులేటరును కంపెనీ ఇచ్చిన క్యాలిపర్‌కూ డిస్కుకూ లెక్కకట్టి పెట్టింది, దాన్ని కదిలించి బాగుపడేదేమీ లేదు. నేను చెప్పేది అంతకు ముందరి బండ్ల సంగతి: ముందు 19 అంగుళాల స్పోకు చక్రం, 280 మి.మీ. డిస్కు, 35 మి.మీ. ఫోర్కు పైపులు ఉన్న బుల్లెట్ జాతి.

పోటీలో ఉన్నవి రెండు. ఒకటి రెండు పిస్టన్ల ఫ్లోటింగ్ క్యాలిపర్, అంటే కొత్త క్లాసిక్ 350, ఇంటర్‌సెప్టర్, హిమాలయన్ 411కు వచ్చే రకం. రెండోది నాలుగు పిస్టన్ల రేడియల్ ఫిక్స్‌డ్ క్యాలిపర్ (పక్క నుంచి కాక వెనక నుంచి బోల్టులు పోయే రకం), కేటీఎం డ్యూక్ 390కి వచ్చేది. మొదటిదాంట్లో పిస్టన్లు రెండూ బయటి వైపే ఉంటాయి, క్యాలిపర్ ఒంటికి పిన్నుల మీద జరిగే వీలుంటుంది. రెండోది కదలదు, డిస్కుకు అటు రెండు పిస్టన్లు, ఇటు రెండు.

పిస్టన్లు నాలుగైతే బ్రేకు రెండింతలు పడుతుందని చాలామంది లెక్క. అది తప్పు. ఫ్లోటింగ్‌లో రెండు పిస్టన్లు తోసిన బలానికి క్యాలిపర్ వెనక్కి జరిగి, లోపలి ప్యాడ్‌ను అంతే బలంతో లాగుతుంది. నొక్కుడు లెక్కేసేటప్పుడు ఏ క్యాలిపర్‌కైనా ఒక వైపు పిస్టన్లనే లెక్కపెట్టాలి. అలా చూస్తే ఇక్కడ రెండుకు రెండు, తేడా అంతా పిస్టన్ సైజులోనే.

ఇక నేను అన్నిటికన్నా ముందు చూసేది క్యాలిపర్ లోపలి సగం మందం, అంటే డిస్కుకూ స్పోకులకూ మధ్య దూరే భాగం. అల్లాయ్ చక్రంలో కడ్డీలు లోపలికి వంగి ఉంటాయి, క్యాలిపర్‌కు కావలసినంత చోటు. స్పోకు చక్రం అలా కాదు. స్పోకులు హబ్ (చక్రం నడిమి భాగం) అంచు నుంచి, అంటే డిస్కుకు దాదాపు ఆనుకుని బయలుదేరి, రిమ్ దగ్గరికి వచ్చేసరికి చక్రం మధ్యగీతకు చేరతాయి. హబ్ దగ్గర డిస్కుకూ స్పోకుకూ వేలు పట్టనంత సందు. ఫ్లోటింగ్ క్యాలిపర్ లోపలి వైపు ఉండేది ప్యాడ్‌ను ఆపే పలచని పంజా ఒక్కటే. ఫిక్స్‌డ్ క్యాలిపర్‌కు అదే చోట రెండు పిస్టన్లు, వాటి గదులు, వాటి వెనక అల్యూమినియం గోడ. ఎంత నున్నగా గీసినా ఆ మందం తగ్గదు.

మరి ట్రయంఫ్ థ్రక్స్‌టన్ ఆర్‌కు స్పోకు చక్రమే, దానికి బ్రేకుల కంపెనీ బ్రెంబో వాళ్ళ రేడియల్ మోనోబ్లాక్ (ఒకే దిమ్మలో చెక్కిన క్యాలిపర్) ఎలా పట్టింది అని అడుగుతారు. అది 2016లో కంపెనీ నుంచే అలా వచ్చిన బండి. హబ్, డిస్కు, ఫోర్కు మూడూ ఒకదాన్ని చూసి ఒకటి గీసుకున్నవి. మన చేతిలో ఉన్న హబ్‌ను గీసినవాడు ఈ క్యాలిపర్‌ను కలలో కూడా అనుకోలేదు.

చోటు చాలదంటే మెకానిక్ చెప్పే మొదటి ఉపాయం, డిస్కు కింద స్పేసరు వేసి బయటికి జరపడం. నాలుగైదు మిల్లీమీటర్ల దాకా సరే. అంతకు మించితే డిస్కు పోయి ఫోర్కు కాలికి దగ్గరవుతుంది, బోల్టులకు పట్టు తగ్గుతుంది. నాకు నచ్చే దారి వేరే: డిస్కు పెద్దది చేయడం. స్పోకు పైకి పోయే కొద్దీ డిస్కుకు దూరమవుతుంది కదా, క్యాలిపర్‌ను కూడా రిమ్ వైపు జరిపితే సందు దానంతటదే పెరుగుతుంది. హబ్ అంచు మధ్యగీతకు 35 మి.మీ. దూరంలో ఉందనుకోండి, అక్కడి నుంచి రిమ్ దాకా ఎత్తు 160 అనుకోండి. క్యాలిపర్ 10 మి.మీ. పైకి జరిగితే రెండు మిల్లీమీటర్లకు పైగా సందు వస్తుంది. అంటే 280 డిస్కు తీసి 300 వేస్తే రెండు, 320 వేస్తే నాలుగు దాటుతుంది. 19 అంగుళాల రిమ్ కాబట్టి పైన తగిలే భయమూ లేదు. బ్రేకు బలం పెరగడం కొసరు. కాకపోతే కొత్త డిస్కుకు బోల్టు రంధ్రాల వలయం, మధ్య రంధ్రం రెండూ మీ హబ్‌కు సరిపోవాలి. మధ్య రంధ్రం వదులుగా ఉంటే బోల్టులు బిగించి సరిచేద్దాం అనుకోవద్దు, డిస్కు నడిమి తప్పి ఔట్ తిరుగుతుంది.

సందు కొలవడానికి ఇంట్లో చపాతీ పిండి చాలు. క్యాలిపర్ లోపలి ముఖం మీద గోలీ అంత ముద్దలు మూడు చోట్ల అంటించి, కొత్త ప్యాడ్లు వేసి, చక్రాన్ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పండి. స్పోకులు పిండిని గీసుకుంటూ పోతాయి. ఆగి, మిగిలిన పిండి మందం కొలవండి. అన్నిటికన్నా పలచని చోట 5 మి.మీ. ఉంటే నిశ్చింత, 3కు తక్కువైతే ఆ క్యాలిపర్ ఆ చక్రానిది కాదు. కొత్త ప్యాడ్లే ఎందుకంటే, ఫ్లోటింగ్ క్యాలిపర్ ప్యాడ్ అరిగే కొద్దీ బయటికి జరుగుతుంది. స్పోకులకు అది అతి దగ్గరగా ఉండేది ప్యాడ్లు కొత్తగా ఉన్నప్పుడే. అరిగిన ప్యాడ్లతో చూసి బాగుందనుకుంటే, ప్యాడ్లు మార్చిన రోజు టకటకా చప్పుడు మొదలవుతుంది. మూడు మిల్లీమీటర్లు కూడా చాలవా అంటే, గుంతలో పడ్డప్పుడు చక్రం పక్కకు ఊగుతుంది, బేరింగు ఆట ఇస్తుంది, కొన్నేళ్ళకు స్పోకులు వదులవుతాయి. ఈ కొలత తీసేముందు చక్రం బెండు తీయించి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

స్పోకుల బిగువు ఇంకో లెక్కకు కూడా వస్తుంది. డ్రమ్ము అయినా డిస్కు అయినా బ్రేకు పట్టుకునేది హబ్‌ను, ఆగాల్సింది టైరు. మధ్యలో ఆ మెలిక బలాన్ని మోసేది స్పోకులే. అందుకే వాటిని ఒకదాని మీద ఒకటి దాటేలా వాలుగా అల్లుతారు. షోకు కోసం తిన్నగా సూర్యకిరణాల్లా అల్లించుకున్న చక్రం ముందు బ్రేకుకు పనికిరాదు, అది ఏ క్యాలిపర్ అయినా సరే. పెద్ద బ్రేకు వేసిన కొత్తలో రెండు మూడు వందల కిలోమీటర్లకే స్పోకులన్నీ ఒకసారి తట్టి చూడండి. బిగువున్నది ఖంగుమంటుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది.

రేడియల్ పక్షాన చెప్పాల్సినవీ ఉన్నాయి, దాచను. ఎర్రగుంట్ల వైపు రోజూ తిరిగేవాళ్ళకు నాపరాళ్ళ పొడి, సిమెంటు దుమ్ము కొత్త కాదు. ఫ్లోటింగ్ క్యాలిపర్ జారే పిన్నుల రబ్బరు బూట్లు చిరిగితే ఆ దుమ్ము లోపలికి దూరి, గ్రీజుతో కలిసి ముద్దయి పిన్ను బిగుసుకుపోతుంది. అప్పుడు ఒక ప్యాడ్ అరుగుతుంది, ఇంకోటి కొత్తదానిలా ఉంటుంది, బ్రేకు సగం చచ్చిపోతుంది. ఫిక్స్‌డ్ క్యాలిపర్‌కు ఈ జంజాటం లేదు. లివర్ దగ్గర స్పర్శ కూడా దానిదే బాగుంటుంది, ఎంత నొక్కితే అంత పడుతుంది. కానీ ఆ గట్టి పట్టును మోయాల్సింది 35 మి.మీ. పైపులు, 90/90 టైరు. డిస్కు ఒక వైపే కదా, గట్టిగా పట్టినప్పుడు ఆ కాలు మెలి తిరగడం హ్యాండిల్లో తెలుస్తుంది. రాయచోటి నుంచి కడపకు వస్తూ గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు, ముందు లోడు లారీ ఉంటే, నాకు కావలసింది ఎంత సేపు పట్టినా మారని బ్రేకు. ఒక్క పట్టుకు కరిచే బ్రేకుతో అక్కడ పనిలేదు. మారకుండా ఉండాలంటే డిస్కు పెద్దదై వేడి మోయాలి, బ్రేకు ఆయిలు కొత్తగా ఉండాలి. డాట్ 4 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగుతుంది. పిన్నులకు ఏడాదికొకసారి సిలికాన్ గ్రీజు, రెండేళ్ళకొకసారి ఆయిలు. ఈ చాకిరీకి ఒప్పుకుంటే ఫ్లోటింగ్‌ను తప్పుపట్టడానికి ఏమీ మిగలదు. నా బండికి ఈ మధ్య వేయించుకున్నదీ అదే, 300 డిస్కుతో.

ఇక బ్రాకెట్, అంటే క్యాలిపర్‌ను ఫోర్కుకు కలిపే ముక్క. పాత బుల్లెట్ ఫోర్కు చెవులకు బోల్టులు ఇరుసుకు సమాంతరంగా పక్క నుంచి పోతాయి. ఫ్లోటింగ్ క్యాలిపర్‌కు అదే పద్ధతి కాబట్టి ఒక చదును ప్లేటుతో పని అయిపోతుంది, డిస్కు సైజు మారకపోతే కొన్నిసార్లు అదీ అక్కర్లేదు. రేడియల్‌కు బోల్టులు వెనక నుంచి ముందుకు పోవాలి, అంటే ప్లేటు చాలదు, ఎల్ ఆకారంలో దిమ్మ మిల్లింగ్ చేయించాలి. "ప్లేటేముందన్నా, గంటలో కోసిస్తా" అనే లేత్ అన్నను ముందు ఏ లోహమో అడగండి. 6061-టీ6 అల్యూమినియం, 10 మి.మీ.కు తగ్గకుండా, లేదా ఉక్కు. గుజిరీలో దొరికిన ముక్క వద్దు. ఎందుకింత పట్టుదలంటే, టైరు దగ్గర 150 కేజీల బలంతో బండి ఆగుతుంటే, డిస్కు వ్యాసార్థం టైరు వ్యాసార్థంలో సగం కూడా ఉండదు కాబట్టి క్యాలిపర్ దగ్గర అది 375 కేజీల చుట్టుపక్కలకు చేరుతుంది. ఆ బరువంతా ఆ ముక్క మీద, రెండు బోల్టుల మీద. బోల్టు తల మీద 8.8 గానీ 10.9 గానీ అచ్చు ఉండాలి. ఫోర్కు కాలికి చెవి వెల్డింగ్ పెట్టిస్తామంటే మాత్రం బండి తీసుకుని వచ్చేయండి.

లివర్ నొక్కితే ఆయిలును క్యాలిపర్‌కు తోసే మాస్టర్ సిలిండర్‌ను ఎవరూ పట్టించుకోరు. రెండు 28 మి.మీ. పిస్టన్లున్న క్యాలిపర్‌ను 13 మి.మీ. మాస్టర్‌తో నడిపితే నిష్పత్తి (క్యాలిపర్ పిస్టన్ల వైశాల్యం మాస్టర్ పిస్టన్‌కు ఎన్ని రెట్లో ఆ లెక్క) తొమ్మిది పైచిలుకు. క్యాలిపర్ అదే ఉంచి 16 మాస్టర్ వేస్తే ఆరుకు పడిపోతుంది, అదే చేతి బలానికి మూడో వంతు బ్రేకు పోయినట్టే. లివర్ రాయిలా గట్టిగా ఉంటుంది, అది చూసి బ్రేకు బ్రహ్మాండం అనుకుంటారు. క్యాలిపర్ ఏ బండిదో మాస్టర్ కూడా ఆ బండిదే తీసుకుంటే ఈ గొడవ లేదు. పైపు బోల్టు కూడా చూసుకోండి. బ్రెంబో వాళ్ళది 1.0 పిచ్ (మర చుట్ల మధ్య దూరం, మి.మీ.లలో), జపాన్ వాళ్ళది 1.25. ఒకటి రెండు చుట్లు రెండూ ఎక్కుతాయి, ఆ తర్వాత బలవంతపెడితే క్యాలిపర్ మర తినేస్తుంది. రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవి.

మిగతావి: రెండు వైపులా డిస్కు షోకే తప్ప 350 సీసీకి బరువు దండగ. చక్రాలే అల్లాయ్‌కి మార్చుకుంటే రేడియల్ హాయిగా పడుతుంది, కానీ అప్పుడు ఈ వ్యాసంతో మీకు పనిలేదు. పాత ఏడు అంగుళాల ట్విన్ లీడింగ్ డ్రమ్ము, షూలు సరిగ్గా కూర్చోబెడితే ఊరి తిరుగుడుకు చాలు, ఘాటుకు చాలదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, ఎర్ర రంగేసి బ్రెంబో అని రాసిన క్యాలిపర్ల సంగతి మాత్రం అడగొద్దు.