డిటెక్టివ్ సంసారం: ఇంట్లో కనిపించే భార్య, కూలిన కాపురం, తెరపైకి రాని భార్య – కథకు ఏది మేలు?

హత్య కేసులు తేల్చే పోలీసు అధికారికి సంసారం అచ్చిరాదన్నది టీవీ ధారావాహికల్లో ఎప్పుడో స్థిరపడిపోయిన ఆనవాయితీ. 2008లో బీబీసీ కోసం కెనెత్ బ్రానా నటించిన స్వీడిష్ ఇన్‌స్పెక్టర్ వాలాండర్‌నే చూడండి. భార్యతో ఎడబాటు, కూతురితో మాట పట్టింపులు, కుర్చీలోనే తెల్లవారే రాత్రులు. మొదట్లో ఈ దిగులు పాత్రకు లోతునిచ్చిన మాట నిజమే కానీ, ఆ తరువాత వచ్చిన అనేక ధారావాహికల్లో విడాకులు కథానాయకుడి చొక్కా మీది నలుగుళ్లకు కారణం చెప్పడానికి తప్ప మరెందుకూ పనికిరాలేదు. అందుచేత ఈ పోలికలో నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే: ఆ దాంపత్యాన్ని కథలోంచి తీసేస్తే పరిశోధన ఆగిపోతుందా, లేక ఏమీ జరగనట్టు సాగిపోతుందా?

ముందుగా బ్రిటిష్ ఛానెల్ ఐటీవీలో 1997లో మొదలైన ‘మిడ్‌సోమర్ మర్డర్స్’. జాన్ నెటిల్స్ పోషించిన టామ్ బార్నబీకి జాయిస్ అనే భార్య, కల్లీ అనే కూతురు ఉన్నారు. అనుమానాలు, అలకలు, పరస్త్రీల గొడవలు లేని కాపురం అది. తొలి ఎపిసోడ్లలో జాయిస్ వంటను భర్త నోరెత్తకుండా మింగడమే వారి మధ్య ఉన్న పెద్ద సమస్య. జేన్ వైమార్క్ ఈ పాత్రను ఎంతో సహజంగా పోషించారు. రచయితలు ఆమెను ఉపయోగించుకున్న తీరు కూడా తెలివైనదే: చిత్రలేఖనం, నాటకాలు, పాటల బృందం అంటూ ఆమె ఏ ఊరి సంఘంలో చేరితే ఆ ఊళ్లో హత్య జరుగుతుంది, పోలీసుగా వెళ్లిన బార్నబీకి తెలియని ఊసులు ఆమె చెవిన పడతాయి. అయినా నా కొలబద్దకు ఇది పూర్తిగా నిలవదు. జాయిస్ లేకపోయినా సార్జెంటుకో, పొరుగింటివారికో ఆ ఊసులు తెలిసి కేసు తేలేది. 2011లో నెటిల్స్ తప్పుకోగా, జాన్ బార్నబీ అనే బంధువు, పాఠశాల ప్రధానోపాధ్యాయురాలైన అతని భార్య సారా ఆ స్థానంలోకి వచ్చారు, ధారావాహిక కొనసాగింది. ఒక దంపతుల చోట మరొక దంపతులు ఇంత సులువుగా ఇమిడిపోయారంటే, ఆ దాంపత్యం కథకు గోడే కానీ పునాది కాదు. చూడటానికి హాయిగా ఉంటుందన్న మాట మాత్రం ఒప్పుకోవాలి.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది 2013లో క్రిస్ చిబ్నాల్ రాసిన ‘బ్రాడ్‌చర్చ్’. దీనిని ఇంకా చూడనివారు ఈ పేరాను దాటవేయడం మంచిది. సముద్రతీరపు చిన్న ఊళ్లో డానీ అనే పిల్లవాడి హత్యను అలెక్ హార్డీ, ఎల్లీ మిల్లర్ పరిశోధిస్తారు. హార్డీ కాపురం అప్పటికే కూలిపోయింది. పోలీసు శాఖలోనే పనిచేసే అతని భార్య వేరొకరితో గడుపుతున్న వేళ కారులోంచి కీలకమైన సాక్ష్యం చోరీ అయితే, ఆ నింద తానే మోశాడు. ఎల్లీ సంసారం మాత్రం చూసినవారు ముచ్చటపడేలా ఉంటుంది. పిల్లలను చూసుకుంటూ ఇంటిపట్టున ఉండే భర్త జో అందుకు ప్రధాన కారణం. ఎనిమిదో ఎపిసోడ్‌లో ఆ జోయే హంతకుడని తేలుతుంది. ఊళ్లో అందరినీ అనుమానించిన అధికారిణి తన ఇంటిని మాత్రం అనుమానించకపోవడమే రహస్యాన్ని అంతవరకు దాచిందని అప్పుడు గానీ మనకు తెలియదు. ఒలీవియా కోల్మన్ ఆ నిజాన్ని వినే సన్నివేశాన్ని నేను చూసినవాటిలో అత్యుత్తమమైనదిగా లెక్కిస్తాను. ఇక్కడ దాంపత్యాన్ని తీసేస్తే కథే లేదు. కానీ ఈ అస్త్రం ఒక్కసారే పనిచేస్తుంది. వారానికో కొత్త కేసు నడిపే ధారావాహికకు ఇది దారి కాదు.

1993లో బాసు ఛటర్జీ దూరదర్శన్‌కు తీసిన ‘బ్యోమకేశ్ బక్షీ’లో ఆరంభం ఎంతో ఆశ పుట్టిస్తుంది: అన్న మీద హత్యానేరం పడిన సత్యవతి, ఆ కేసు పరిశోధన వల్లనే డిటెక్టివ్ బ్యోమకేశ్‌కు పరిచయమై భార్య అవుతుంది. తరువాతి కేసుల్లో ఆమెకు పెద్దగా పని ఉండదు. అంత చక్కని ఆరంభాన్ని ఎందుకు వదులుకున్నారోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇక పీటర్ ఫాక్ పోలీసు డిటెక్టివ్‌గా నటించిన అమెరికా ధారావాహిక ‘కొలంబో’. 1968లో టెలిఫిల్మ్‌గా మొదలై 1971 నుంచి ధారావాహికగా సాగిన ఇందులో హంతకుడెవరో మనకు ముందే చూపిస్తారు కనుక, ఆ హంతకుడు ఎలా దొరుకుతాడన్నదే మిగిలిన ఆసక్తి. కొలంబో ఆయుధం అతని అమాయకత్వం, ఆ అమాయకత్వానికి ఆధారం తెరపైకి ఎన్నడూ రాని అతని భార్య. పేరుమోసిన నటుడి ముందో, సంగీత విద్వాంసుడి ముందో నిలబడి, మా ఆవిడకు మీరంటే ఎంతో అభిమానమండీ అని అతను నసుగుతుంటే, ఆ పెద్దమనిషి ఇతణ్ణి పెళ్లాం చాటు మొగుడని లెక్కకట్టి ఏమరుపాటులో పడతాడు. సంసారమే విచారణ పద్ధతిగా మారిన కథ నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అసలు ఆమె ఉందా, లేక అదంతా ఎత్తుగడేనా అని వాదించుకునేవారు ఉన్నారు. 1975లో వచ్చిన ఓడ ప్రయాణపు ఎపిసోడ్‌లో అతను భార్యతో కలిసే విహారానికి వెళ్తాడు కనుక ఆమె ఉన్నదనే నా అభిప్రాయం. 1990లో వచ్చిన మరొక ఎపిసోడ్‌లో, జైల్లో పోయిన భర్త కోసం పగబట్టిన స్త్రీని పట్టుకోవడానికి భార్య చనిపోయినట్టు అంత్యక్రియలే నటిస్తాడు. అప్పుడైనా ఆమె మన కంటపడదు.

దీని మీద గట్టి అభ్యంతరమే ఉంది. ఆమె గురించి తెలిసిందంతా భర్త నోటి నుంచి వచ్చిందే తప్ప ఆమెకంటూ ఒక గొంతు లేదు, జాయిస్‌కు ఉన్నపాటి జీవితమూ లేదు. దాంపత్య చిత్రణగా చూస్తే ఇది సగమే. అయినా పరిశోధక కథకు ఏది మేలని అడిగితే నేను కొలంబోకే ఓటు వేస్తాను, బ్రాడ్‌చర్చ్‌ను రెండో స్థానంలో ఉంచుతాను. కొలంబో భార్యకు రూపమివ్వాలన్న ప్రయత్నం జరగనూ జరిగింది: సృష్టికర్తలైన లెవిన్సన్, లింక్‌లకు ఇష్టం లేకపోయినా, 1979లో ఎన్‌బీసీ ఛానెల్ ఇరవైల్లో ఉన్న కేట్ మల్గ్రూను విలేకరిగా, పరిశోధకురాలిగా చూపుతూ ‘మిసెస్ కొలంబో’ను ప్రసారం చేసింది. భర్త చెప్పిన ఆవిడకూ తెరమీది ఆవిడకూ పొంతన కుదరక, పేర్లు మార్చి, చివరికి ఆమెకు విడాకులిప్పించి, 13 ఎపిసోడ్లతో ఆపేశారు.