పాత ఐమ్యాక్‌లో వేరే గ్రాఫిక్స్ కార్డు: మూడు ఎండాకాలాలు వాడాక

హనుమకొండలో నాది ఆల్బం డిజైనింగ్ పని. ఫొటోగ్రాఫర్లు పెళ్లి ఫొటోలు హార్డ్ డిస్కులో తెచ్చిస్తారు, నేను కరిజ్మా ఆల్బం షీట్లు (పేజీలు) చేసి ల్యాబ్‌కు పంపుతాను. పనంతా 2011 మోడల్ 27 అంగుళాల ఐమ్యాక్ మీదే. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. దాని 2560x1440 స్క్రీన్‌కు నా కళ్లు అలవాటుపడిపోయాయి. పట్టుచీర ఎరుపు అందులో ఎట్లా కనిపిస్తే ప్రింటులో అట్లాగే వస్తుంది. దాన్ని వదులుకోబుద్ధి కాకనే ఇంత తిప్పలు పడ్డాను.

చిక్కు ఇదీ. ఈ మోడల్‌కు అధికారికంగా ఎక్కే చివరి సిస్టమ్ హై సియెర్రా. 2018లో దాని తర్వాతి సిస్టమ్ మొజావే వచ్చినప్పటి నుంచి, మెటల్ అనే ఆపిల్ గ్రాఫిక్స్ పద్ధతికి సపోర్టు ఉన్న కార్డు ఉండాలి. ఇందులో ఉన్న రేడియాన్ 6970ఎంకు అది లేదు. కార్డు బాగానే పనిచేస్తోంది కానీ కొత్త ఫొటోషాప్ ఎక్కదు. అదృష్టం ఏమిటంటే ఈ మోడల్‌లో కార్డు బోర్డుకు అతికించి ఉండదు. ల్యాప్‌టాప్‌లలో వాడే ఎంఎక్స్ఎం స్లాటులో కూర్చుంటుంది. 2012 చివర్లో వచ్చిన సన్న అంచు మోడల్ నుంచి కార్డును బోర్డుకే సోల్డర్ చేశారు. మీది అదైతే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

నేను ఎంచుకున్నది క్వాడ్రో కే2100ఎం. 2 జీబీ మెమరీ, 55 వాట్లు. మొదటిది ఆన్‌లైన్‌లో తెప్పిస్తే బొమ్మే రాలేదు, డబ్బులు వెనక్కి రావడానికి నెల పట్టింది. తర్వాత కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయాను. ఒక షాపాయన పాత ల్యాప్‌టాప్‌లోంచి ఊడదీసి ఇచ్చాడు. "పని చేయకుంటే వారంల తీస్కరా తమ్మీ, మారుస్త" అన్నాడు.

ల్యాప్‌టాప్ కార్డును ఉన్నదున్నట్టు పెడితే ఆన్ చేసేటప్పుడు ఆపిల్ లోగో కనిపించదు, బ్రైట్‌నెస్ మారదు. అందుకే ముందు కార్డు మీది వీబయాస్, అంటే కార్డును మొదలుపెట్టే చిప్‌లోని ప్రోగ్రాం, మార్చాలి. దానికి కావాల్సింది సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్ (చిప్‌లోని ఫైలు చదివి, రాసే పరికరం), దానికో క్లిప్పు. ఎనిమిది కాళ్ల చిప్ మీద చుక్క ఉన్న మూల ఒకటో కాలు, క్లిప్పు ఎర్ర వైరు అటే రావాలి. పాత ఫైలు రెండుసార్లు చదివించి, రెండూ ఒకటేనని తేలాకే కొత్తది రాశాను. ఈ ఒక్క పనికి పడ్డ టెన్షన్ మిగతా పనంతటికీ పడలేదు.

ముందు అద్దం అయస్కాంతాలతో పట్టి ఉంటుంది. బాత్రూంలో టవల్ తగిలించే రబ్బరు హుక్కులు రెండు అంటించి లాగితే వచ్చేసింది. స్క్రీన్‌కు ఎనిమిది టీ10 స్క్రూలు. ఆ అయస్కాంతాలు స్క్రూనే కాదు, స్క్రూడ్రైవర్‌ను కూడా గుంజుకుంటాయి. స్క్రీన్ వెనక వైర్లలో ఒకటి మరీ సన్నం, తొందరపడితే తెగుతుంది. కార్డు వేడిని లాగే హీట్ సింక్ వెనక వైపు ఉంటుంది కాబట్టి బోర్డు మొత్తం బయటికి తీయక తప్పదు. ఫ్యాన్ల మీద దుమ్ము పత్తి పింజల్లా అట్టకట్టి ఉంది, ఎనుమాముల పత్తి మార్కెట్‌కు తీసుకుపోతే రేటు కట్టేవాళ్లేమో. మా తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, "అన్నా, ఈ పాత డబ్బాతోని ఏం గోస నీకు? కొత్తది కొనుక్కోరాదు" అంటూనే ఉన్నాడు.

బిగించాక స్క్రీన్ వచ్చింది, సంబరపడ్డాను. పెద్ద ఫైలు తెరిచి పది నిమిషాలు పని చేస్తే వేడి 95 డిగ్రీలు దాటింది. మళ్లీ అంతా విప్పాను. చిప్ మీద థర్మల్ పేస్టు ఒక్క మూలనే అంటుకుని ఉంది, మిగతా భాగం పెట్టింది పెట్టినట్టే ఉంది. కొత్త కార్డు పాతదానికన్నా పొట్టిది, మెమరీ చిప్పులు వేరే చోట ఉన్నాయి. వాటి మీద నేను పెట్టిన థర్మల్ ప్యాడ్లు (వేడిని హీట్ సింక్‌కు అందించే మెత్తటి ముక్కలు) మందమై హీట్ సింక్‌ను పైకి లేపాయి. సన్న ప్యాడ్లు వేసి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగిస్తే సరిపోయింది. ఇప్పుడు మే నెలలో, షాపులో ఉత్త ఫ్యాన్ గాలికే, 80 దాటడం లేదు. పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టడంతో లోపలి ఫ్యాను గోలగా తిరిగేది, మ్యాక్స్ ఫ్యాన్ కంట్రోల్ అనే సాఫ్ట్‌వేర్‌తో అదీ సర్దుకుంది.

2023 ఫిబ్రవరి నుంచి పాత మ్యాక్‌లలో కొత్త సిస్టమ్ ఎక్కించే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్ సాయంతో, మొజావే తర్వాత వచ్చిన మాంటెరీ మీద నడుస్తోంది. మాంటెరీలో ఈ కార్డు కుటుంబానికి డ్రైవర్లు తీసేశారు, ప్యాచర్ వాటిని తిరిగి ఎక్కిస్తుంది. అప్‌డేట్ పడితే ఆ పని మళ్లీ చేయాలి. పెళ్లిళ్ల సీజన్లో ఒకసారి రాత్రి అప్‌డేట్ దానంతటదే ఎక్కి, పొద్దున మౌస్ కదిపితే తెర ముద్దముద్దగా కదిలింది. ఆ రోజే ఆటో అప్‌డేట్ ఆపేశాను.

జూమ్, బ్రష్, లేయర్లు జరపడం తేలికయ్యాయి. ఎక్స్‌పోర్ట్ మాత్రం అంతే, ప్రాసెసర్ 2011దే కదా. నిజం చెప్పాలంటే రోజువారీ పనిలో కార్డుకన్నా ఎస్ఎస్‌డీ వల్ల వచ్చిన వేగమే ఎక్కువ తెలుస్తుంది. కార్డు లేకుంటే కొత్త ఫొటోషాప్ తెరుచుకోదు కాబట్టి అది తప్పలేదు. ఆటలు ఆడదామని మాత్రం దీని జోలికి పోకండి.

రెండోసారి బిగించేటప్పుడు అద్దం లోపల పై మూలన నా బొటనవేలి ముద్ర పడింది. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు ఇప్పటికీ కనిపిస్తుంది. దానికోసం మళ్లీ అద్దం ఊడదీసే ధైర్యం ఇంకా రాలేదు.